మత్తడి ఎటు దుంకుతది?

మా ఇంటికి చుట్టాలొస్తే గైడును నేనే. ఎవరో ఇచ్చిన ఉద్యోగం కాదు. హన్మకొండలో ఇల్లుండి, ఇంటి ముందు కారుండి, నోరు ఊరుకోని మనిషై ఉంటే ఆ పని దానంతటదే వచ్చి మీద పడుతుంది. హైదరాబాద్ నుంచి బావ వాళ్ళొచ్చినా, అమెరికా నుంచి చిన్నమ్మ కొడుకు పిల్లల్ని తీసుకొచ్చినా, పొద్దున టిఫిన్ అయ్యేసరికి "ఏం చూపిస్తవ్ మరి?" అని అందరూ నా వైపే చూస్తారు. నా దగ్గర ఒక అరిగిపోయిన రూటు ఉంది. వేయి స్తంభాల గుడి, భద్రకాళి, కోట, భోజనం, తర్వాత రామప్ప. టైముంటే లక్నవరం చెరువు, వేలాడే వంతెన మీద ఫొటోలు, చీకటి పడ్డాక వాపసు.

రూటుతో పాటు మాటలూ అరిగిపోయినవే. రామప్పలో అయితే నేను అసలు గైడ్లకేం తీసిపోను. పొన్నచెట్టు మీది కృష్ణుడి శిల్పం దగ్గర ఆగి, వేలితో మీటితే స్వరాలు పలుకుతాయని చెప్తాను. మదనిక అనే ఆడమనిషి శిల్పం కాళ్ళకున్న ఎత్తు మడమల చెప్పులు చూపించి, "హై హీల్స్ మనోళ్ళు 800 ఏళ్ళ కిందనే వేసుకున్నరు" అని, ఆడవాళ్ళు నవ్వేదాకా ఆగుతాను. నంది ఎటు నుంచి చూసినా మన వైపే చూస్తుందంటాను. శిల్పాల్లో సూది పట్టేంత సన్నటి రంధ్రాలు పిల్లల చేత వెతికిస్తాను. ఇక చివర్లో, గోపురం ఇటుక నీళ్ళ మీద తేలుతుందని చెప్పగానే అందరూ నోళ్ళు తెరుస్తారు. నా టూరుకు అదే క్లైమాక్స్.

ఇందులో ఇటుక సంగతి నిజమే. శిఖరం బరువు తగ్గాలని నీటికంటే తేలికైన ఇటుకలు కాల్చి వాడారు. చెప్పుల సంగతి కూడా కళ్ళతో చూడొచ్చు. కాని అన్నీ కలిపి చెప్తే అది గారడీ ఆటలాగా తయారవుతుంది. కాకతీయులంటే రాయిని పాడించినవాళ్ళు, ఇటుకను తేల్చినవాళ్ళు, అంతే. వాళ్ళు ఏం తిన్నారు, సైన్యానికి ఏం పెట్టారు, ఇంత గుడి కట్టడానికి డబ్బు ఎక్కడిది అని ఇన్నేళ్ళలో నన్ను ఒక్కరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదు.

అడిగినవాడు ఒక్కడే, మా పెద్దబాపు. హుజూరాబాద్ దగ్గర ఒక పల్లెలో ఎవుసం చేస్తూ బతికిన మనిషి. పదేళ్ళ కింద పెళ్ళికని హన్మకొండ వస్తే, మిగతా చుట్టాలతో పాటు ఆయన్నీ కార్లో ఎక్కించుకుని రామప్పకు తీసుకుపోయాను. నేను చెప్పిందంతా గుడి అరుగు మీద కూర్చుని విన్నాడు. ఇటుక తేలుతుందన్నప్పుడు కూడా పెద్దగా ఆశ్చర్యపోలేదు. అంతా అయ్యాక అడిగాడు.

"చెరువేదిరా?"

"అటు కొంచెం దూరం ఉంటది పెద్దబాపూ. బోటింగ్ ఉంది గని ఇప్పుడు టైం లేదు."

"బోటు ఎవనికి గావాలె. మత్తడి ఎటు దుంకుతది?"

నాకు తెలియదు. మత్తడంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే చోటు. పొలాలకు నీళ్ళు వదిలే తూమెక్కడుందో అడిగాడు. అదీ తెలియదు. కాలువ ఏ ఊళ్ళకు పోతుందని అడిగాడు. ఊరుకున్నాను. ఆయన లేచి పంచె దులుపుకుని, "గుడి కట్టినాయనే చెరువు గూడ కట్టిండని నువ్వే అంటివి. మరి సగం చూపెట్టి వాపసు తీస్కపోతున్నవ్ గదరా" అన్నాడు.

ఆ మాట అన్నందుకు నాకు కోపమొచ్చింది. తర్వాత చాలా రోజులు అదే మాట చెవిలో తిరిగింది. ఈ వ్యాసం ఆ ఒక్క మాట మీదే రాస్తున్నాను. ఓరుగల్లును చూపించే మన టూర్లు, నాలాంటి ఇంటి గైడ్ల టూర్లతో సహా, రాళ్ళు చూపించి నీళ్ళు వదిలేస్తున్నాయి. కాకతీయుల ఊళ్ళో నీళ్ళు వదిలేస్తే ఇక చూపించడానికి మిగిలేది తక్కువ.

ఆ రోజు మొత్తానికి కట్ట మీదికి పోయాం. పెద్దబాపు కట్ట ఎక్కే ముందు చెప్పులు విడిచాడు. ఏ చెరువు కట్ట ఎక్కినా ఆయనకు అది అలవాటు, కట్ట అన్నాక మైసమ్మ ఉంటుందని లెక్క. పైకెక్కి మొదట నీళ్ళ వైపు చూడలేదు. రెండు పక్కలా గుట్టలు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి కింద పొలాలు చూశాడు. చివరికి నీళ్ళు. "గుట్టలే పని చేసి పెట్టినయ్ రా. సందు మూసిండు అంతే" అన్నాడు. నేను అప్పటికి ఆ చెరువును పది సార్లు చూసి ఉంటాను. గుట్టలు నాకు ఫొటోలో వెనకాల ఉండే సీనరీ. ఆయనకు అవే చెరువు గోడలు.

చదువుకున్నాక తెలిసింది, ఆయన చూపు ఎంత సరైనదో. ఇక్కడి పెద్ద చెరువులు చాలావరకు కాకతీయ ఇంజనీర్లు గుట్టల మధ్య సందు వెతికి, అక్కడ కట్ట పోసి నిలబెట్టినవే. లక్నవరం అలాంటిదే, నర్సంపేట దాటాక పాకాల అలాంటిదే. ఆపే నీళ్ళతో పోలిస్తే కట్ట పొట్టిది, నీళ్ళు మాత్రం కంటికి ఆనవు. లోపలి వైపు అలలు కోయకుండా రాళ్ళ పేర్పు. పొలాలకు వదలడానికి తూము. పట్టేదానికి మించి వస్తే కట్ట తెగకుండా పోవడానికి పక్కన మత్తడి. ఆంధ్ర వైపు అలుగు అంటారు, మాకు మత్తడే. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది ఊరి చెరువులోకి, అది నిండితే దాని కిందికి. గొలుసుకట్టు అంటే ఇదే. నిండు చెరువు కంటే ఎవరికి ఎప్పుడు ఎన్ని నీళ్ళు అనేది పెద్ద తగాదా కనుక, దాన్ని చూసుకోవడానికి ఊరూరా నీరటి ఉండేవాడు. రాత్రిపూట లాంతరు పట్టుకుని మడవలు చూసే నీరటి గురించి మా పెద్దబాపు పోలీసు గురించి చెప్పినట్టు చెప్పేవాడు, కొంచెం భయం, ఎక్కువ గౌరవం.

ఇప్పుడు మళ్ళీ గుడి దగ్గరికి రండి. రామప్ప శాసనం 1213 నాటిది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించాడు, పక్కన చెరువూ ఆయనదే. మనం గుడిని శిల్పి పేరుతో పిలుచుకుంటాం, ఆ పేరు జనం నోట్లో నిలిచిన కథ. నాకు ఆ కథ ఇష్టమే. అయితే 2021 జూలైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు రాసిన వివరణ చూస్తే, అందులో చెరువు ఉంది, చుట్టూ పొలాలున్నాయి, అడవి గుట్టలున్నాయి. ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో చెప్పడానికి వాళ్ళు గుడి గోడ దాటి బయటికొచ్చారు. ఎక్కడో పారిస్‌లో ఆఫీసున్న వాళ్ళకు కనబడ్డ చెరువు మన టూరు బస్సుకు కనబడటం లేదు. బస్సు పార్కింగ్ నుంచి గుడి, గుడి నుంచి పార్కింగ్. చెరువు దగ్గర దిగినా బోటు కోసమే.

ఇంకొకటి చెప్పాలి. తొలి కాకతీయుల వంశం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఎక్కడ దొరికిందో తెలుసా? గుళ్ళో కాదు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో, చెరువు దగ్గర. గణపతిదేవుడి సోదరి మైలాంబ అక్కడ ధర్మకీర్తి సముద్రమని ఒక చెరువు తవ్వించి శాసనం వేయించింది. అందులో తన పుట్టింటి పెద్దల పేర్లు వరసగా చెప్పుకుంది. చెరువు తవ్వించిన సందర్భంలో వంశం మొత్తం తలుచుకోవాలనిపించిందంటే, ఆ కాలానికి చెరువు ఎంత గొప్ప పనో చూడండి. పాతకాలపు లెక్కలో మనిషి వెనక వదిలిపోయే ఏడు సంతానాల్లో కొడుకు ఒకటి, చెరువు ఒకటి, గుడి ఒకటి. కొడుకును వదిలేద్దాం. మిగతా రెండిట్లో గుడికి గార్డు, లైట్లు దొరికాయి. చెరువుకు గుర్రపు డెక్క దొరికింది.

బయ్యారం చెరువు ఏ ప్యాకేజీ టూరులోనూ నాకు కనబడలేదు. అది నా ఫిర్యాదు కూడా కాదు, దూరం కదా. నగరం మధ్యలో ఉన్నవాటి సంగతి చూద్దాం.

వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిపి చూస్తే ఇది నీళ్ళ ఒడ్డున పెరిగిన నగరం. సముద్రం లేదు, నది లేదు. ఉన్న నీళ్ళన్నీ మనుషులు ఆపినవే. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు, పద్మాక్షి గుట్ట కింద గుండం, కోట చుట్టూ అగడ్త, శివనగర్ మెట్ల బావి. కోట చూడటానికి వచ్చినవాళ్ళు కారు దిగగానే తోరణాల వైపు పరుగెడతారు. రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం కదా, ఫొటో కావాలి. మట్టికోట దాటి, అగడ్త దాటి, రాతికోట దాటి వచ్చామని వాళ్ళకు తెలియదు, ఎందుకంటే వాళ్ళు కారులో దాటారు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన ఆ రాతిగోడకు 45 బురుజులుంటే, వాటి ముందు నీళ్ళే మొదటి కాపలా. 1310 ముట్టడిలో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం కందకాన్ని పూడ్చుకుంటూ గానీ ముందుకు రాలేకపోయింది. మీరు అగడ్త పక్కన పది నిమిషాలు నిలబడితే ఈ మాట అర్థమవుతుంది. తోరణం కింద గంట నిలబడినా అర్థం కాదు.

"అబ్బా, ఇదంతా చరిత్ర పిచ్చి ఉన్నోళ్ళకు సారూ, మామూలు మనుషులకెందుకు?" అని మీరనొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, నా ఇంట్లోకి నీళ్ళొచ్చేదాకా.

పేరు చెప్పని ఒకాయన దగ్గర పదిహేనేళ్ళ కింద ప్లాటు కొన్నాను. చదునైన నేల, మెత్తటి నల్లమట్టి, రేటు తక్కువ. "ఇంత సాఫు భూమి సిటీలో యాడ దొరుకుతది సార్" అన్నాడాయన. నిజమే, చెరువు దిగువన వాగు పారి పారి సాఫు చేసిన భూమి అంత సాఫుగా మరెక్కడా ఉండదు. 2020 ఆగస్టులో వానలు పట్టాయి. తెల్లవారుజామున మూడింటికి మా ఆవిడ మంచం దిగి కాలు పెడితే నీళ్ళు. ఫ్రిజ్జు, సోఫా, పిల్లల పుస్తకాలు, పెళ్ళి ఆల్బమ్, అన్నీ పోయాయి. ఆ పొద్దున డాబా మీద నిలబడి చూస్తే నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో గీత గీసినట్టు కనబడింది. మా వీధి ఒకప్పటి వాగు. నీళ్ళకు ఎవరూ రిజిస్ట్రేషన్ కాగితాలు చూపించలేదు, అవి తమ పాత దారినే వచ్చాయి.

పెద్దబాపు ఫోన్ చేసి ఒకే మాట అడిగాడు. "కొనేటప్పుడు పైన మత్తడి ఎటుందో సూసుకోలేదారా?"

చూసుకోలేదు. ఇంజనీరింగ్ చదివిన నాకు, బ్యాంకు లోను ఇచ్చినవాళ్ళకు, ప్లాను పాస్ చేసినవాళ్ళకు, ఒక్కరికీ ఆ ప్రశ్న రాలేదు. నయీంనగర్ నాలా, బొందివాగు లాంటి పేర్లు మాకు వానాకాలంలో పేపర్లోనే కనబడతాయి. మూడేళ్ళు తిరక్కుండానే 2023 జూలైలో మళ్ళీ. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది, రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే అది. ఇక్కడ నగరంలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడితే కింది కాలనీల జనాన్ని ఖాళీ చేయించారు. ఆ వారం ఊరంతా చెరువుల గురించే మాట్లాడింది. కట్ట, తూము, మత్తడి, శిఖం (చెరువు లోపలి భూమి), ఎఫ్టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం) అనే మాటలు చాయ్ హోటల్లో వినబడ్డాయి. వాన వెలిశాక మళ్ళీ మామూలే.

కాబట్టి చెరువును చూపించే టూరు అంటే నా దృష్టిలో వారసత్వం మీద ప్రేమ ఒక్కటే కాదు. ఈ ఊళ్ళో ఇల్లు కొనాలనుకునే ప్రతివాడికీ అది పనికొచ్చే చదువు. బయటి టూరిస్టుల కంటే ముందు హన్మకొండ వాళ్ళనే బస్సెక్కించి తిప్పాలి. నన్ను ఎవరైనా 2010లో ఒక పూట వడ్డేపల్లి చెరువు నుంచి మొదలుపెట్టి నీళ్ళ దారి వెంట నడిపించి ఉంటే, ఆ పెళ్ళి ఆల్బమ్ ఇంకా ఉండేది.

నగరం చెరువును పట్టించుకోలేదని అంటే అబద్ధమవుతుంది. 2015లో, వారసత్వ నగరాలను బాగుచేయడానికి కేంద్రం పెట్టిన హృదయ్ పథకంలో వరంగల్‌కు చోటు దొరికింది. భద్రకాళి చెరువు కట్ట మీద నడిచే దారి వేశారు, మొక్కలు పెట్టారు, లైట్లు పెట్టారు. సాయంత్రం పూట పిల్లలతో జనం వస్తారు, నేనూ పోతాను. బాగుంటుంది. నా పేచీ ఏమిటంటే, ఆ కట్ట మీద నడుస్తున్నంతసేపూ మనం ఒక పార్కులో ఉన్నట్టే ఉంటుంది, ఆనకట్ట మీద ఉన్నట్టు ఉండదు. ఇది ఏ నీళ్ళను ఆపుతోంది, ఎటు పంపుతోంది అని సామాన్యుడికి తెలిసేలా చెప్పేది ఏదీ నాకు కనబడలేదు. సెల్ఫీ దిగడానికి పెద్ద పెద్ద అక్షరాలు మాత్రం ఉంటాయి, ఏ ఊరికి పోయినా అవే అక్షరాలు.

ఒక తమాషా జరిగింది. 2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్ళు వదిలేశారు. చెరువు ఖాళీ అవుతుంటే జనం తండోపతండాలుగా చూడటానికి వచ్చారు. మా కాలనీలో ఎప్పుడూ కట్ట ఎక్కని ముసలాయన కూడా మనవణ్ణి తీసుకుని వచ్చాడు. బురద, గుర్రపు డెక్క, మధ్యలో రాళ్ళు, అక్కడక్కడా పడవల్లాగా ఆగిపోయిన చెత్త. అందరూ వేళ్ళు చూపించుకుంటూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, అదిగో అటు నుంచి నీళ్ళొస్తాయి, ఇక్కడ లోతు ఎక్కువ, మా నాయన చిన్నప్పుడు అక్కడిదాకా ఎండేది అని. ఒక్క గైడు లేడు, మైకు లేదు, టికెట్టు లేదు. నేను ఈ ఊళ్ళో చూసిన అన్నిటికంటే మంచి టూరు అదే. నీళ్ళున్నన్ని రోజులూ చూడని చెరువును నీళ్ళు పోయాక చూశాం.

అసలు మనకు చెరువు టూరు కొత్తా? బతుకమ్మ ఏమిటి మరి? మొదటి రోజు ఎంగిలిపూల నాడు వేయి స్తంభాల గుడి నిండా ఆడవాళ్ళు. చివరి రోజు సద్దుల నాడు పద్మాక్షి గుండానికి దారులన్నీ పూలే. గడపలో పేర్చిన బతుకమ్మను తల మీద పెట్టుకుని ఊరి ఆడవాళ్ళంతా నీళ్ళ దాకా నడుస్తారు. వానాకాలం పోయి చెరువు నిండి ఉన్న రోజుల్లో, ఊరందరినీ నడిపించి చెరువు చూపించే పండుగ ఇది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, మెట్లు ఎన్ని మునిగాయి, పోయినేడు ఇంత లేదు కదా అని మా అమ్మ ఏటా అంటుంది. అది లెక్క రాసుకోని లెక్క. మగవాళ్ళం మనం బైకుల మీద వెనక పోయి, రోడ్డు మీద నిలబడి ఫోన్లు చూసుకుంటాం.

మూడేళ్ళ కింద ఉదయ్‌పూర్ పోయాం. పిచోలా సరస్సులో పడవెక్కించి మహల్ చూపించారు. చాలా అందంగా ఉంది, కాదనను. అక్కడి గైడు కుర్రాడు మొదటే ఒక మాట చెప్పాడు, ఈ సరస్సు నగరం కంటే పాతదని, ఊరు 1559లో పుడితే ఇది దానికి రెండొందల ఏళ్ళ ముందే ఒక బంజారా వ్యాపారి తవ్వించిందని. ఆ ఒక్క వాక్యంతో మహల్ నా కళ్ళకు కొంచెం చిన్నదైంది, నీళ్ళు పెద్దవయ్యాయి. గైడు పని అంటే అది. పడవ దిగుతూ నేను చేసిన లెక్క ఏమిటంటే, మా రామప్ప చెరువు అంతకంటే వందేళ్ళకు పైగా పెద్దది. పైగా ఇప్పటికీ దాని కింద వరి పండుతోంది. దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్ళను రామప్పకు తెచ్చి, అక్కణ్ణుంచి సొరంగంలో ధర్మసాగర్ వైపు మళ్ళించే ఏర్పాటు కూడా చేశారు. అంటే రేచర్ల రుద్రుడు పోసిన కట్ట ఇంకా డ్యూటీలోనే ఉంది. ఇంత పని చేసే ముసలిదాన్ని మనం పరిచయం చేసేది "అక్కడ బోటింగ్ ఉంది" అని.

గైడ్ల మీద నాకు కోపం లేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసం చదివి ఎవరో ఒకరు వాళ్ళ మీద పడతారు. రామప్పలో ఒక గైడుతో మాట్లాడాను. బస్సు దిగినవాళ్ళు ముందే అంటారట, "అన్నా, అరగంటలో అయిపోగొట్టు, లక్నవరం పోవాలె." అరగంటలో ఏ మనిషైనా ఇటుకే తేలుస్తాడు, చెరువు ఎత్తడు. "తూము గురించి చెప్తే ఎవరూ నవ్వరు సార్. నవ్వకపోతే డబ్బులియ్యరు" అన్నాడాయన. నాకు దానికి జవాబు లేదు. ఉన్నదల్లా ఏమిటంటే, చెప్పే విధానం మారాలి. నీరటి పని చేసినవాళ్ళు, చెరువులో చేపలు పట్టే ముదిరాజులు, బెస్తలు, ఆయకట్టు కింద పండించే రైతులు, వీళ్ళలో ఒకరిద్దరిని కట్ట మీద నిలబెడితే నవ్వించడానికి వాళ్ళ దగ్గర నా దగ్గర ఉన్నదానికంటే ఎక్కువ సరుకుంది. ఆ అరగంటకు వాళ్ళకూ కొంత ముట్టాలి, ఉత్తగా కాదు.

వేయి స్తంభాల గుడి కళ్యాణ మండపం సంగతి గుర్తుందా? 2006 ప్రాంతంలో రాయి రాయి విప్పి, నంబర్లు వేసి పక్కన పెట్టినప్పుడు నాకింకా పెళ్ళి కాలేదు. తిరిగి నిలబెట్టి 2024 మహాశివరాత్రికి తెరిచేనాటికి మా పెద్దమ్మాయి పదో తరగతి పరీక్షలకు చదువుతోంది. అన్నేళ్ళూ మనం తిట్టాం, ధర్నాలు చేశాం, పేపర్లలో రాశాం. మంచిదే, ఆ గోల లేకపోతే ఇంకా పట్టేది. అదే కాలంలో నగరం చుట్టుపక్కల ఎన్ని కుంటలు కాలనీలయ్యాయో, వాటి కోసం ఎంతమంది గోల చేశారో మనకు తెలుసు. స్తంభం పోతే కనబడుతుంది. కుంట మెల్లగా పోతుంది, మొదట చెత్త, తర్వాత మొరం, తర్వాత హద్దురాళ్ళు, తర్వాత నాలాంటివాడు.

సరే, చెప్పింది చెయ్యాలి కదా. మొన్న ఆగస్టులో బావ వాళ్ళు కొండాపూర్ నుంచి వచ్చారు, రెండు కుటుంబాలు, పిల్లలతో పదకొండు మంది. నా కారు చాలక ఒక టెంపో మాట్లాడాను. ఈసారి రూటు తిరగేశాను. పొద్దున ఆరింటికి భద్రకాళి కట్ట, తర్వాత అమ్మవారి దర్శనం. కోటలో తోరణాల కంటే ముందు అగడ్త పక్కన దింపాను. అక్కడ పిల్లలు బాగానే విన్నారు, ముట్టడి కథ కదా. శివనగర్ మెట్ల బావి దగ్గర బావగారి చిన్న కొడుకు ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి వీడియో తీసుకున్నాడు, దాన్ని గెలుపు కిందే లెక్కేసుకున్నాను. వేయి స్తంభాల గుడి ఈసారి వదిలేశాను, అక్క గొణిగింది.

రామప్పకు నాలుగింటికి చేరాం. గుడికి కాదు, ముందు చెరువు కట్ట మీదికి. చెరువు నిండుగా ఉంది. గుట్టలు చూపించాను, సందు మూయడం చెప్పాను, పెద్దబాపు మాటల్లోనే చెప్పాను. అక్క కూతురు ఇంజనీరింగ్ పిల్ల, రెండు మంచి ప్రశ్నలడిగింది. మిగతావాళ్ళు గాలి బాగుందన్నారు. టెంపో డ్రైవర్ కింద నుంచి హారన్ మీద హారన్. గుడి మూసేస్తారని అతని తొందర. నేను దిగలేదని చివరికి తనే కట్ట ఎక్కి వచ్చాడు.

వచ్చి, నేను చెప్తున్నది రెండు నిమిషాలు విని, "అన్నా, తూము గాడ కాదు" అన్నాడు.

అతనిది ఆ పక్క పల్లె అట. ఈ ఆయకట్టు కింద వాళ్ళ నాయనకు ఎకరన్నర ఉంది. ఇక అతను మొదలుపెట్టాడు. ఏ కాలువ ముందు పారుతుంది, ఏ ఊరివాళ్ళు నీళ్ళు దొంగిలిస్తారు, పెద్ద వాన వచ్చిన రాత్రి ఊరంతా కట్ట మీదికొచ్చి ఎట్లా కూర్చున్నారు, చిన్నప్పుడు మత్తడి దుంకే చోట గంపలు పెట్టి చేపలెట్లా పట్టేవాళ్ళు, ఒకసారి కొరమీను జారిపోతే అన్న ఎట్లా తన్నాడు. పిల్లలు అతని చుట్టూ చేరారు. తూము దగ్గరికి తీసుకుపోయాడు, మత్తడి దగ్గరికి తీసుకుపోయాడు. గుడి సంగతి హారన్ కొట్టినవాడే మరిచిపోయాడు.

గుడికి చేరేసరికి మూసే వేళ. గార్డు విజిల్ ఊదుతున్నాడు. లోపలికి ఉరికి, నందిని చూసి, బయట రెండు మదనికలను చూసి, వెలుతురు పోతుంటే ఫోన్లతో నాలుగు ఫొటోలు తీసుకుని బయటపడ్డాం. మొత్తం ఇరవై నిమిషాలు కూడా కాదు. చెప్పుల శిల్పం ఎక్కడుందో వెతికే టైం లేదు. ఇటుక మాట ఎత్తనే లేదు.

టెంపోలో అక్క నాతో ములుగు దాకా మాట్లాడలేదు. తర్వాత అంది, "యునెస్కో గుడి చూద్దామని ఏడాది నుంచి అనుకుని వస్తే, చేపలు పట్టుడు చూపించి పంపుతున్నవ్ రా తమ్మీ." బావ నవ్వాపుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వెనక సీట్లో పిల్లలు డ్రైవర్‌ను అడుగుతున్నారు, కొరమీను నిజంగా అంత పొడుగుంటదా అని.